టెక్ సందేహాలు: హారర్ సినిమా ఇంటికి వచ్చేలోపు

ఏటా అక్టోబరు దగ్గర పడేసరికి నాకు ఒకే తరహా ఉత్తరాలు వస్తాయి. ఆ నెలాఖరున దెయ్యాల వేషాల పండుగ హాలోవీన్ కాబట్టి అమెరికా, బ్రిటన్ సంస్థలు చిన్న బడ్జెట్ హారర్ సినిమాల డిస్కులను, డిజిటల్ విడుదలలను ఆ వారాల్లోనే గుమ్మరిస్తాయి. రాబోయే వాటి జాబితాలు నెలల ముందే బయటికొస్తాయి. వాటిని చూసి మన దగ్గరి అభిమానులు ఉవ్విళ్లూరుతారు. ఆ తొందరలోనే దెబ్బ తింటారు. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం దెబ్బ తిన్నాక రాసినవే.

కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నాం. పగటి సన్నివేశాలు అద్దంలా ఉన్నాయి. దెయ్యం సినిమా పెడితే మాత్రం చీకట్లో అంతా గళ్లు గళ్లుగా, బూడిద మరకల్లా కనిపిస్తోంది. టీవీ పాడైందా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

టీవీ బాగానే ఉంది. అది మీ ఇంటికి వచ్చినప్పుడు ఉన్న సెట్టింగులే బాగాలేవు. దుకాణంలో పది టీవీల మధ్య మెరిసిపోవడం కోసం పెట్టిన సెట్టింగులవి. వాటితో హారర్ సినిమా చూడటం ఎండలో నిలబడి నక్షత్రాలు వెతకడం లాంటిది.

ముందు గళ్ల సంగతి. ఓటీటీలో వచ్చే వీడియోను బాగా కుదించి పంపుతారు. చీకటి భాగాల్లో మన కన్ను తేడాలు పట్టదన్న లెక్కతో, కుదించే సాఫ్ట్‌వేర్ అక్కడే ఎక్కువ కోత పెడుతుంది. మామూలు 8 బిట్ల వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. రాత్రి సన్నివేశం మొత్తం వాటిలో అడుగున ఉన్న కొద్ది మెట్లలోనే ఇమడాలి. అందుకే నీడ నున్నగా పరుచుకోవలసిన చోట చారలు, గళ్లు తేలుతాయి. హెచ్‌డీ సినిమాకు సెకనుకు 5 మెగాబిట్ల వేగం చాలని ఓటీటీ సేవలు చెబుతాయి. బ్లూ-రే డిస్కులో వీడియో ఒక్కదానికే సెకనుకు 40 మెగాబిట్ల వరకు వాడుకోవచ్చు. డిస్కు కోసం పడిగాపులు పడేవాళ్లది ఉత్త మోజు కాదు.

ఇక మీ చేతిలో ఉన్నవి. పిక్చర్ మోడ్‌ను సినిమా అని గానీ ఫిల్మ్‌మేకర్ అని గానీ ఉన్నదానికి మార్చండి. విద్యుత్ ఆదా, గది వెలుగును బట్టి తెరను మార్చే సెన్సర్, కదలికలను నున్నగా చేసే సదుపాయం, నాయిస్ రిడక్షన్ అన్నీ ఆపేయండి. ప్లేయర్‌ను తీగతో కలిపి ఉంటే హెచ్‌డీఎమ్‌ఐ బ్లాక్ లెవెల్ కూడా చూడండి. సినిమా వీడియోలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది. కంప్యూటర్ లెక్క 0 నుంచి 255. ప్లేయర్ ఒక లెక్కలో పంపి, టీవీ ఇంకో లెక్కలో తీసుకుంటే నలుపంతా బూడిదగా తేలిపోతుంది, లేదా నీడల్లోని వివరాలన్నీ మునిగిపోతాయి. రెండుచోట్లా ఒకే సెట్టింగు ఉండాలి.

మా ఇంట్లో ఒక సినిమాలో మెట్ల కింద చీకటి మూల కనిపించే దృశ్యం దగ్గర ఆపి, ఆ వెలుగు సెన్సర్‌ను ఆపి చూశాను. అంతవరకు ఖాళీగా కనిపించిన మూలలో ఒక చెయ్యి ఉంది, నాలుగు వేళ్లు మెట్టు అంచును పట్టుకుని. ఆ దృశ్యం మొత్తం ఆ వేళ్ల కోసమే తీశారు. సినిమాకు దీపాలు అమర్చిన మనిషి రాత్రంతా కూర్చుని చేసిన పనిని ఒక పొదుపు సెట్టింగు చెరిపేసింది. నన్ను ఇంకా మండించేది, టీవీకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన మర్నాడు ఇవన్నీ మళ్లీ మొదటికి రావడం. మనం ఆపినదాన్ని అడగకుండా తిరిగి ఆన్ చేసే అప్‌డేట్‌ను మరమ్మతు అనకూడదు. అది పెత్తనం. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ సెట్టింగులు మళ్లీ సరిచూసుకోండి, వేరే దారి లేదు.

రాబోయే ఒక పాత హారర్ సినిమా 4కే డిస్కు మామూలు బ్లూ-రే కంటే దాదాపు రెట్టింపు ధర ఉంది. కొనవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

దాన్ని ఏ కెమెరాతో తీశారో ముందు చూడండి. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'ను హై8 అనే చిన్న టేపు వాడే క్యామ్‌కార్డర్‌తోనూ 16 ఎంఎం ఫిల్ముతోనూ తీశారు. హై8 టేపులో లేని వివరాన్ని ఏ డిస్కూ పుట్టించలేదు. 1981 నాటి 'ది ఈవిల్ డెడ్' 16 ఎంఎం మీద తీసింది. అక్కడ లాభం పిక్సెళ్ల లెక్కలో కన్నా నీడల లోతులో, ఫిల్ము రేణువులు చెదరకుండా నిలవడంలో ఉంటుంది. అసలు నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేశామని అట్ట మీద రాసి ఉంటే కొనండి. ఆ మాట లేకుండా 4కే అన్న అక్షరాలు మాత్రమే ఉంటే డబ్బు దాచుకోండి.

బ్రిటన్ నుంచి తెప్పించిన బ్లూ-రే మా ప్లేయర్‌లో ఆడలేదు. ఇంకొకటి ముందస్తు ఆర్డరు పెట్టాను. రద్దు చేయాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

బ్లూ-రే కోసం ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. తాళం వేసిన డిస్కు తన ముక్కలోని ప్లేయర్‌లోనే ఆడుతుంది. అమెరికా, జపాన్ 'ఏ'. ఐరోపా, ఆస్ట్రేలియా 'బి'. మనం చైనా, రష్యాలతో కలిసి 'సి'. డీవీడీల లెక్క వేరు, అందులో అమెరికా 1, మనం 5. చిన్న హారర్ సినిమాలను శ్రద్ధగా తెచ్చే సంస్థలు తమ దేశానికే హక్కులు కొంటాయి, కాబట్టి తాళం వేస్తాయి. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మాత్రం ప్రాంతాల తాళం లేదు. అయితే అదే పెట్టెలో అదనపు విశేషాలతో ఇచ్చే మామూలు బ్లూ-రేకు తాళం ఉండవచ్చు. మీరు ఆర్డరు పెట్టింది 4కే అయితే, మీ ప్లేయర్ 4కే డిస్కులు చదివేదైతే ఉంచుకోండి. మామూలు బ్లూ-రే అయితే ఏ ప్రాంతానిదో అమ్మకందారును అడిగి నిర్ణయించుకోండి.

కంప్యూటర్‌లో 4కే డిస్కు చూద్దామని డ్రైవు కొనకండి. ఆ డిస్కులను కాపీ చేయకుండా కాపాడే ఏర్పాటుకు ప్రాసెసర్‌లో ఉండాల్సిన ఒక భద్రతా సదుపాయాన్ని ఇటీవలి తరాల ప్రాసెసర్ల నుంచి తీసేశారు. కొత్త కంప్యూటర్ కొన్నవాడికే డిస్కు ఆడదు, ఇంతకంటే బాధ్యత లేని పని ఉంటుందా!

విదేశీ పార్సిల్ కోసం ఎదురుచూసేవాళ్లందరికీ ఒక మాట. 'మీ పార్సిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయడానికి కొద్ది రూపాయలు కట్టండి' అంటూ లింకుతో సందేశం వస్తుంది. అది మీ కార్డు వివరాల కోసం వేసిన వల. నిజంగానే పార్సిల్ రావలసి ఉన్నవాడు దానికి సులువుగా చిక్కుతాడు. ట్రాకింగ్ సంఖ్యను మీరే అసలు వెబ్‌సైట్లో టైపు చేసి చూసుకోండి.

థియేటర్లలో ఆడుతున్న చిన్న హారర్ సినిమా మంచి ప్రింటు వచ్చిందని మా మిత్రుల గ్రూపులో ఫైలు పెట్టారు. తెరిస్తే ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయమంది, చేశాను. సినిమా రాలేదు. మర్నాడు బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోయింది. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

అన్ని ఓటీటీలూ ఉచితంగా వచ్చే టీవీ పెట్టె కొన్నాను. విడుదల కాని సినిమాలు కూడా వస్తున్నాయి. ఏమైనా ప్రమాదమా? – ఒక పాఠకుడు, కరీంనగర్

ఈ రెండూ ఒకే రోగం. పెద్ద హీరో సినిమాకు నాలుగు వారాలో ఎనిమిది వారాలో ఓపిక పడితే ఏదో ఒక ఓటీటీలో వస్తుందని అందరికీ తెలుసు. చిన్న హారర్ సినిమాకు ఆ హామీ లేదు. ఎప్పుడొస్తుందో, ఎక్కడొస్తుందో, అసలు మన దేశానికి వస్తుందో రాదో తెలియదు. మోసగాళ్లు కాపు కాసేది సరిగ్గా ఆ సందులోనే.

రాజమహేంద్రవరం పాఠకుడి ఫోనుకు వచ్చింది సినిమా కాదు, ఏపీకే అనే యాప్ ఫైలు. సినిమా ఫైలు పేరు చివర ఎంపీ4, ఎంకేవీ లాంటివి ఉంటాయి. ఏపీకే గానీ, కంప్యూటర్‌లో ఈఎక్స్ఈ గానీ ఉంటే అది మీ యంత్రంలో పనిచేయడానికి వచ్చిన ప్రోగ్రామ్. విండోస్ ఈ చివరి అక్షరాలను మామూలుగా దాచిపెడుతుంది. ఈ దాపరికం ఎందుకు కొనసాగుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వాటిని చూపించే సెట్టింగును ఈ రోజే పెట్టుకోండి. ఇక ఆ 'ప్లేయర్' ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగింది, మీరు ఇచ్చారు. సినిమా చూపించడానికి మీ ఎస్సెమ్మెస్‌లతో పనేమిటి? ఓటీపీ వచ్చేది అక్కడికే. ఆ అనుమతి ఇవ్వడమంటే ఇంటి తాళంచెవి చేతిలో పెట్టడమే.

అలాంటిది ఇన్‌స్టాల్ చేసేశామని తెలిసిన మరుక్షణం ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. ఆలస్యమైన ప్రతి గంటా డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోతుంది. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చున్నవాళ్ల ఉత్తరాలు నా దగ్గర చాలా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

నన్ను అంతకంటే భయపెట్టేది కరీంనగర్ పాఠకుడి పెట్టె. ఏపీకే మోసంలో డబ్బు పోయిన సంగతైనా తెలుస్తుంది. పెట్టె విషయంలో ఏమీ తెలియదు, సినిమాలు హాయిగా వస్తూనే ఉంటాయి. 2024 సెప్టెంబరులో భద్రతా పరిశోధకులు 197 దేశాల్లో దాదాపు 13 లక్షల ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో ఒకే హానికర ప్రోగ్రామ్‌ను కనుగొన్నారు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇలాంటి పరికరాల గురించి బహిరంగంగానే హెచ్చరించింది. కొన్నింటిలో ఆ ప్రోగ్రామ్ మనం కొనకముందే ఉంటుంది. కొన్నింటిలో, మొదటిసారి అమర్చేటప్పుడు వేసుకోమనే అనధికార యాప్‌లతో వస్తుంది.

అది చేసే పనుల్లో ముఖ్యమైనది మీ ఇంటర్నెట్‌ను ఇతరులకు అద్దెకివ్వడం. ఎక్కడో కూర్చున్న మోసగాడు మీ పెట్టె గుండా బయటికి వెళతాడు. అతను చేసిన నేరం మీ ఇంటి ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మీ ఇంటి గుర్తింపు సంఖ్య నుంచి జరిగినట్టు నమోదవుతుంది. పోలీసులు ముందు వచ్చేది మీ గుమ్మం ముందుకే.

మా బంధువుల ఇంట్లో ఇలాంటి పెట్టెను నేనే చూశాను. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని పిలిస్తే వెళ్లి రౌటర్ పేజీ తెరిచాను. అర్ధరాత్రి దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, టీవీ ఆపేసి ఉంది. ఆ పెట్టె వరుసలో మాత్రం అప్‌లోడ్ అంకె కళ్లెదుటే పెరుగుతోంది. సినిమా చూడటమంటే డౌన్‌లోడ్. ఎవరూ చూడని వేళ ఈ పెట్టె బయటికి ఏం పంపుతోంది? తీగ పీకగానే అంకె ఆగిపోయింది. అదే వైఫైలో ఆ ఇంటి పిల్లల ఫోన్లు, పెద్దాయన బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్ కూడా ఉన్నాయి.

మీ పెట్టెలో ప్లే స్టోర్ తెరిచి సెట్టింగులలో అబౌట్ కింద గూగుల్ ఇచ్చే 'ప్లే ప్రొటెక్ట్' భద్రతా ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. ధ్రువీకరణ లేకపోయినా, అసలు ప్లే స్టోరే లేకపోయినా దాన్ని ఇంట్లో ఉంచకండి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతుందని అంగట్లో చెబుతారు. ఆ ప్రోగ్రామ్ పరికరం మూల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే రీసెట్‌తో పోదు. అమ్మేయకండి, ఇంకొకరి ఇంటికి చేరుతుంది. తీగ పీకి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవారికి ఇచ్చేయండి. తర్వాత వైఫై పాస్‌వర్డు మార్చండి.

ఈ పెట్టెలు ఇంతగా అమ్ముడవడానికి అమ్మేవాళ్లు మాత్రమే కారణం కాదు. దొంగ ప్రింట్లు తీసేవాళ్లకు 2023 చట్ట సవరణతో మూడేళ్ల వరకు జైలు, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా ఉన్నాయి. మంచిదే. కానీ డబ్బిచ్చి చూస్తానన్నవాడికి దారి ఏది? తెలుగులో చిన్న హారర్ సినిమా తీస్తే డిస్కు దాదాపు రాదు. రెండు వేల సంవత్సరం తర్వాత కొన్నాళ్లు ఊరూరా వీసీడీ అయినా దొరికేది. ఇప్పుడు ఓటీటీ ఒప్పందం ముగిస్తే సినిమా మాయమవుతుంది, చూపిద్దామంటే దర్శకుడి దగ్గరే మంచి ప్రతి ఉండదు. డిజిటల్‌గా 'కొన్నది' కూడా లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన దగ్గర కొనుగోలు బటన్ కింద ఆ ఒక్క వాక్యం రాయించడానికి ఎవరు అడ్డం? పది లక్షలతో, నలుగురు మిత్రులతో, ఒక పాడుబడ్డ బంగళాలో రాత్రులు మేలుకుని తీసిన సినిమాకు ఇంటికి రావడానికి ఒక సక్రమమైన దారి ఉండాలి. నిర్మాతలు దాన్ని వేయకపోతే పెట్టెలవాళ్లు వేస్తారు, వేశారు కూడా.

చట్టబద్ధంగా, ఉచితంగా చూడగలిగే మంచి హారర్ సినిమా ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఉంది. జార్జ్ రొమేరో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిసరాల్లో సుమారు లక్షా 14 వేల డాలర్లతో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్', 1968. దీనికి ముందు వేరే పేరు ఉండేది. విడుదలకు ముందు పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత టైటిల్‌తో పాటు కాపీరైట్ ప్రకటన కూడా తెర మీద నుంచి ఎగిరిపోయింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకపోతే హక్కు లేనట్టే. తీసినవాళ్లు ఆ దెబ్బకు ఎంతో నష్టపోయారు. సినిమా మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

పాత సినిమాలు, పుస్తకాలు ఉచితంగా దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్లో దొరుకుతుంది. యాప్ అక్కర్లేదు, బ్రౌజరులోనే ఆడుతుంది. అయితే ఎవరైనా ప్రతి తీసుకోవచ్చు కాబట్టి మసకబారిన ప్రతులు కుప్పలుగా ఉన్నాయి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించిన ప్రతి 2016లో వచ్చింది. సినిమా మీకు నచ్చితే దాని డిస్కు కొనండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, మొదట్లో వచ్చే శ్మశానం దృశ్యంలో దూరం నుంచి నడిచి వచ్చే మనిషిని చూడండి. పాత ప్రతిలో అతను ఒక మరక. పునరుద్ధరించిన దానిలో అతను ఒక మనిషి.