సగటు కొలతతో బల్ల చేస్తే అందరికీ సరిపోతుందా?

హైస్కూలు పిల్లల బల్ల ప్రాజెక్టు చేస్తున్నానని, అందరి కొలతలూ తీసి సగటు వేస్తే చాలదా, మధ్యలో ఈ పర్సంటైల్ (నూటికి ఎంతమంది ఒక కొలతకి లోపున ఉన్నారో చెప్పే లెక్క) గొడవెందుకని అడిగారు. చాలదండి. భీమవరం దగ్గర మాది స్టీలు ఫ్యాబ్రికేషన్ పని. రొయ్యల షెడ్లకి టేబుళ్లు చేస్తుంటాం.

ఒక షెడ్డు వాళ్లు బయటినుంచి తెచ్చిన డ్రాయింగ్ ప్రకారం ఎత్తు 36 అంగుళాలు. కాగితం మీద తప్పేం లేదు. నిలబడి చేసే తేలికపాటి పనికి బల్ల మోచేతి కంటే 2 నుంచి 4 అంగుళాలు కిందుండాలి. అయిదడుగుల మనిషికి మోచెయ్యి సుమారు 38 దగ్గరుంటుంది. కానీ ఆడవాళ్ల చేతులాడేది బల్ల మీద కాదుగా! బల్ల మీద ట్రే, ట్రేలో ఐసు, ఆపైన రొయ్యలు. అంటే 41 దగ్గర. పొద్దస్తమానం భుజాలెత్తుకునే తలకాయలు తియ్యాలి. సగం మంది ఖాళీ ట్రేలు బోర్లించి వాటిమీద నిలబడ్డారు. "ఇది మా కోసం చేసింది కాదు బాబూ" అందొకావిడ.

పొడవు వాళ్లకి సరిపడా బల్ల చేసి, పొట్టివాళ్లకి కాళ్లకింద పీట వెయ్యమనేది మామూలు సలహా. తడినేల మీద పీటంటే నడుం విరగ్గొట్టుకోవడమే. అందుకని తిరగేశాం: 30 దగ్గర మొదలుపెట్టి 35 దాకా లేపుకునేలా, పైపులో పైపు, బెజ్జాలు, పిన్ను. మర కాళ్లయితే ఉప్పునీటికి పట్టేస్తాయి. తర్వాత పొడవు వాళ్లంతా తమంతట తామే ఒక బల్ల దగ్గరికి చేరారు.

కోనసీమలో కొబ్బరికాయలు వలిచేవాళ్లకి ఇది ఎవరూ నేర్పలేదు. గునపం ఎవరి ఎత్తుకి వాళ్లే పాతుకుంటారు.

ఇక సగటు సంగతి. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లని కొలిచింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే ఆయన 10 కొలతలు తీసుకుని, అన్నిట్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్లెవరా అని వెతికితే ఒక్కడూ తేలలేదు. చేతులు పొడుగున్నవాడికి కాళ్లు పొట్టి, ఛాతీ సరిపోయినవాడికి నడుం తేడా. ఆ లేని మనిషికే మీరు బల్ల చేస్తానంటున్నారు.

పర్సంటైల్ వాడేది ఇక్కడే. చెయ్యి అందాల్సిన చోట చిన్నవాళ్ల కొలత, అంటే 5వ పర్సంటైల్. ఒళ్లు పట్టాల్సిన చోట పెద్దవాళ్లది, 95వది. కూర్చునే పలక ఎత్తుకి మోకాలి వెనక మడతనుంచి నేలదాకా కొలిచి పొట్టి పిల్లల లెక్క తీసుకోండి, లేకపోతే కాళ్లు వేలాడతాయి. బల్ల కింద తొడలు పట్టే జాగాకి పెద్ద పిల్లల లెక్క. ఆరో తరగతినుంచి పదిదాకా ఒకే సైజంటే కుదరదు, కనీసం రెండు చెయ్యండి. మనవాళ్ల శరీర కొలతల పట్టికలు అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) 1997లో వేసింది, లైబ్రరీలో దొరికితే చూడండి. అయినా పిల్లల కొలతలు మాత్రం మీరు బల్ల పెట్టే బడిలోనే తీసుకోండి. చెప్పులు బయట విడిచి కూర్చునే బడైతే ఎత్తులో చెప్పు మందం కలపకండి.