కొత్త రౌటర్ పెట్టినా నెట్ రావట్లేదు

ప్రశ్న: మాది కావలి. కింద ముందు గదిలో ఫైబర్ బాక్స్ ఉంది, అక్కడ వైఫై బాగానే వస్తుంది. మేడ మీద గదికి అందట్లేదని మా అబ్బాయి కొత్త రౌటర్ కొని, బాక్స్ నుంచి పైకి వైరు లాగాడు. ఫోన్‌కి వైఫై కనెక్ట్ అవుతుంది గానీ ‘ఇంటర్నెట్ లేదు’ అంటుంది. కేబుల్ ఆయన్ని అడిగితే రౌటరే పాడైందంటున్నాడు. దాన్ని వెనక్కి ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అప్పుడే ఇవ్వకండమ్మా. చూడకుండా ‘రౌటర్ పాడైంది’ అనేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ మాట నమ్మి మంచి రౌటర్లను మూలన పడేసిన ఇళ్లు మా ఒంగోల్లో ఎన్నో చూశాను.

ముందు పైకి లాగిన వైరును రౌటర్ నుంచి తీసి లాప్‌టాప్‌కి పెట్టి చూడండి. అప్పుడూ నెట్ రాకపోతే తప్పు చాలావరకు వైరుదే. పైకి లాగేటప్పుడు చివరి క్లిప్పు దగ్గర లోపలి తీగలు ఊడిపోతుంటాయి. క్లిప్పు కొత్తది వేయిస్తే సరిపోతుంది.

నెట్ వస్తే రౌటర్ వెనక చూడండి. వరసలో ఒక పోర్టు మాత్రం వేరే రంగులోనో, కాస్త ఎడంగానో ఉంటుంది. దాని మీద ‘వాన్’ (WAN) అనో ‘ఇంటర్నెట్’ అనో రాసి ఉంటుంది. వైరు అందులోనే ఉండాలి.

ఇక అసలు సంగతి సెట్టింగ్స్‌లో ఉంటుంది. కింద వైఫై వస్తోందంటే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతున్నది మీ ఫైబర్ బాక్సే. కాబట్టి కొత్త రౌటర్‌లో పీపీపీఓఈ (ఐడీ, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టకూడదు, ‘డైనమిక్ ఐపీ’ (బాక్స్ ఇచ్చే అడ్రస్‌ను తీసుకునే పద్ధతి) పెట్టాలి. వీడియోలు చూసి సెట్ చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే తాను లాగిన్ అవకుండా ఆ పని రౌటర్‌కి వదిలేసేలా, మార్చినప్పుడే రౌటర్‌లో పీపీపీఓఈ కావాలి. మీకు ఆ అవసరం లేదు.

అయినా రాకపోతే బాక్స్, రౌటర్ రెండింటి ఐపీ అడ్రసులూ (సెట్టింగ్స్ తెరిచే నంబర్లు) చూడండి. రెండూ 192.168.1.1 అయితే, ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నంబర్ ఉన్నట్టే. రౌటర్ అడ్రస్‌ను 192.168.5.1గా మార్చండి. అది రీస్టార్ట్ అయ్యాక సెట్టింగ్స్ కొత్త నంబర్‌తోనే తెరుచుకుంటాయి. ఇదంతా తలనొప్పి అనుకుంటే రౌటర్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ (బాక్స్ ఇచ్చే నెట్‌నే వైఫైగా పంచే పద్ధతి) ఉందేమో మీ అబ్బాయిని చూడమనండి. ఉంటే అది ఆన్ చేస్తే చాలు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఫైబర్ బాక్స్‌కి పిన్నుతో నొక్కే రీసెట్ బటన్ ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. నొక్కితే లాగిన్ వివరాలు చెరిగిపోయి, కిందున్న నెట్ కూడా పోవచ్చు. ఆ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కేబుల్ ఆయన్ని అడిగి ఇప్పుడే రాసిపెట్టుకోండి. నెలనెలా డబ్బు కట్టేది మీరు, అడగడానికి మొహమాటం వద్దు. బాక్స్ మీద ‘లాస్’ (LOS, సిగ్నల్ రావట్లేదని చెప్పేది) అనే లైటు ఎర్రగా వెలిగితే మాత్రం లోపం లైనులోనే. అప్పుడు ఆయన రావాల్సిందే.