‘విరుద్ధమైన ధర్మము’ ఉంటుందా?

సందేహం: చర్చిలో బైబిలులోని రోమా పత్రిక మొదటి అధ్యాయం చదువుతూ ‘స్వాభావిక విరుద్ధమైన ధర్మమును అనుసరించిరి’ అన్నచోట ఆగిపోయాను. విరుద్ధమైతే అధర్మం కావాలి కదా, ధర్మం ఎలా అయింది? 1 కొరింథీ 6:9లో ‘ఆడంగితనముగలవారు’, ‘పురుష సంయోగులు’ అని ఉంది. పేపర్లలో ‘స్వలింగ సంపర్కులు’ అంటారు. ఇవన్నీ ఒకటేనా? యూత్ మీటింగులో దీని మీద మాట్లాడాలి. ఏ మాట వాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అక్కడున్నది అధర్మానికి ఎదురు నిలిచే ధర్మం కాదమ్మా. ‘ఇది నీకు ధర్మమేనా’ అన్నప్పుడు ధర్మం అంటే న్యాయం. ‘కాల్చడం నిప్పు ధర్మం’ అన్నప్పుడు గుణం, తీరు. అనువాదకులు ఈ రెండో అర్థమే తీసుకున్నారు. గ్రీకు మూలంలో ఉన్న మాట ‘ఖ్రేసిస్’. దానికి వాడకం అని అర్థం, స్త్రీపురుషుల కలయికకూ ఆ మాట వాడేవారు. నన్నడిగితే తప్పు పట్టవలసింది దాని ముందున్న మాటను. ‘స్వాభావికం’ విశేషణం. విరుద్ధం దేనికి? స్వభావానికి. కాబట్టి ‘స్వభావవిరుద్ధమైన’ అనాలి.

అయితే ‘ధర్మము’ అని వేయడం వల్ల తెలుగులో ఒక కొత్త ముడి పడింది. అదే బైబిలు మోషేకు ఇచ్చిన ఆజ్ఞలను ‘ధర్మశాస్త్రము’ అంటుంది. రోమా పత్రిక రెండో అధ్యాయానికి వస్తే, ధర్మశాస్త్రము లేని అన్యజనులు కూడా ‘స్వాభావికముగా’ దాని క్రియలు చేస్తారనీ, వారి మనస్సాక్షి సాక్ష్యమిస్తుందనీ ఉంటుంది. మన చెవికి ఈ ధర్మమూ ఆ ధర్మశాస్త్రమూ చుట్టాల్లా వినిపిస్తాయి. గ్రీకులో ఖ్రేసిస్‌కూ, ధర్మశాస్త్రానికి వాడిన ‘నోమోస్’కూ ఏ బంధుత్వమూ లేదు. ‘స్వాభావిక’ మాత్రం రెండుచోట్లా నిజంగా ఒకటే, ‘ఫ్యూసిస్’ (స్వభావం) నుంచి వచ్చింది.

మంచి చెడులకు ఆధారం ఏమిటని క్రైస్తవులు వాదించుకునేది కూడా ఈ మాటల దగ్గరే. ‘ఆజ్ఞాతిక్రమమే పాపము’ అంటుంది యోహాను మొదటి పత్రిక (3:4). ఆ లెక్కన ఆధారం దేవుని ఆజ్ఞ. స్వభావమూ మనస్సాక్షీ కూడా దారి చూపుతాయన్నది రోమా పత్రికలోని రెండో ఊతం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే కథోలిక వేదాంతి దాని మీద పెద్ద కట్టడమే లేపాడు. కథోలికులు స్వలింగ సంపర్కాన్ని తప్పనేది లేఖనాలతో పాటు ఆ సహజ నియమాన్నీ పట్టుకునే. 1992 నాటి వారి సత్యోపదేశం (విశ్వాస బోధల గ్రంథం) స్వలింగం వైపు ఉండే మొగ్గును సవ్యమైనదని ఒప్పుకోదు. అయినా అది పాపం అన్నది చేసే పనిని, మొగ్గును కాదు. అలాంటి మొగ్గు ఉన్నవారిని గౌరవంగా చూడాలని కూడా చెబుతుంది. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది స్వభావం చర్చలోకి పోకుండా నేరుగా వాక్యం తెరుస్తారు. ఇదే ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాట 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా మన నెత్తికెక్కింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. కాబట్టి మీ ప్రసంగంలో నేరం, పాపం, అనీతి అనే మూడు మాటలనూ కలగలపకండి. నేరానికి చట్టం కావాలి, పాపానికి దేవుడు కావాలి. అనీతి అనాలంటే ఏ నీతి ప్రకారమో ముందు చెప్పాలి.

ఇక కొరింథీ పత్రిక. ‘ఆడంగితనముగలవారు’ అన్నచోట గ్రీకులో ‘మలకోయి’ ఉంది. ఉత్త అర్థం మెత్తనివారు. మత్తయి 11:8లో ‘సన్నపు బట్టలు’ అన్నప్పటి ‘సన్నపు’ కూడా ఆ మాటే! మనుషులకు వాడితే సుఖలోలురనీ, పురుషుడికి లొంగే పురుషుడనీ పండితులు తలోరకంగా చెబుతారు. మనవాళ్లు మాత్రం ఊళ్లో ‘ఆడంగిరేకులవాడు’ అని ఎగతాళి చేసే మాటను తెచ్చి పెట్టారు. నడకా మాటతీరూ కాస్త మెత్తగా ఉన్న కుర్రాడెవరైనా ఆ మీటింగులో ఉంటే, ఆ మాట తననే అన్నట్టు తలవంచుకుంటాడు. ఈ పత్రికలు రాసిన పౌలు ఉద్దేశం అది కాదు.

‘పురుష సంయోగులు’ కథ వేరు. గ్రీకులో అది ‘అర్సెనోకొయితాయి’. పౌలుకు ముందు ఎవరూ వాడిన దాఖలా దొరకని మాట. ‘అర్సెన్’ పురుషుడు, ‘కొయితే’ పడక. లేవీయకాండము 20:13 గ్రీకు అనువాదంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. పౌలు అక్కడినుంచే సమాసం కట్టాడని చాలామంది నమ్మకం. చిత్రమేమిటంటే మన లేవీయకాండము 18:22లో ‘పురుషశయనము కూడదు’ అని అచ్చంగా అదే కూర్పు ఉంది. కొరింథీకి వచ్చేసరికి శయనాన్ని వదిలి సంయోగం వేశారు, దాంతో ఆ లంకె తెలుగు పాఠకుడికి కనబడకుండా పోయింది. పౌలు మాట అన్ని కాలాలకూ, అన్ని స్వలింగ సంబంధాలకూ వర్తిస్తుందనే వారికి ఈ లంకే బలం. ఆనాటి బానిసలతో, పసివాళ్లతో సాగిన దోపిడీ మీదే ఆయన గురి అనే వారు దానికి ఒప్పుకోరు.

పేపర్ల ‘స్వలింగ సంపర్కం’ పనిని చెబుతుంది. సంపర్కం అంటే ఉత్త సంబంధమే, తిరుపతి నుంచి ఢిల్లీ వెళ్లే సంపర్క్ క్రాంతి రైలు పేరు చూడండి. తెలుగులో మాత్రం పడక వాసన పట్టింది. అందుకే ‘స్వలింగ సంపర్కులు’ అంటే ఎవరితోనూ కలవని మనిషికి కూడా చేత అంటగట్టినట్టవుతుంది. మొగ్గు గురించి అయితే ‘స్వలింగాకర్షణ’ అనండి. పని గురించి అయితే సంపర్కం సరిపోతుంది. వచనం చదివేటప్పుడు బైబిలు మాటను మార్చకుండా చదివి, అర్థం విడిగా చెప్పండి.

ఇంకొకటి. రోమా పత్రిక చదివేటప్పుడు 27వ వచనంతో ఆపకండి. ఆ వరుసలోనే కొండెగాండ్రు, బింకములాడువారు, తలిదండ్రులకు అవిధేయులు కూడా వస్తారు. ఆ తర్వాత 2:1 ‘కాబట్టి తీర్పు తీర్చు మనుష్యుడా’ అని మొదలవుతుంది. అధ్యాయాల అంకెలు తర్వాతివాళ్లు వేసినవి. ‘కాబట్టి’ మాత్రం పౌలుదే.