ఒక రోజుకు ఒక కోట చాలు

బుజ్జీ,

అన్నయ్య, వదిన మేలో మ్యూనిక్ వస్తున్నారనీ, ఒకప్పటి బవేరియా రాజు రెండో లుడ్విగ్ కట్టించిన కోటలు మూడూ రెండు రోజుల్లో చూపించేస్తాననీ అన్నావు. అలా చేయకు తల్లీ. మేం అక్కడున్న కొత్తలో ఒకే రోజు రెండు పెట్టుకున్నాం. బస్సు తప్పింది. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట టికెట్ మీద వేసిన టైం దాటిపోయింది. దాటితే లోపలికి పంపరు. మీ మామయ్యా నేనూ గోడలు చూసి తిరిగొచ్చాం.

ముందు లిండర్‌హోఫ్‌కి తీసుకెళ్ళు. రాజు బతికుండగా పూర్తయింది ఇదొక్కటే, 1878లో. భవనం చిన్నది. భోజనాల గదిలో బల్ల దగ్గర మాత్రం తొందరపడకండి. కింద వంటగదిలో అన్నీ సర్ది, బల్లనే పైకి ఎత్తేలా చేయించుకున్నాడు, నౌకర్ల ముఖం కూడా చూడకుండా తినడానికి. అంత బంగారు పూతలోనూ నాకు ఆ బల్లే గుర్తుండిపోయింది. బయట కొలనులో ఫౌంటెన్ 20 మీటర్లకు పైగా లేస్తుంది. మోటారు లేదు, కొండ మీంచి దిగే నీటి ఒత్తిడే. వేసవిలో అరగంటకోసారి వదులుతారు, ఒకటి తప్పినా కంగారు పడకుండా కూర్చోండి. కొలత పెట్టి గీసినట్టుండే ఆ తోటలో, వరసకు కలవకుండా ఒక పాత లిండెన్ చెట్టుంది. రాజు దాన్ని కొట్టించలేదు. వదినకు తప్పకుండా చూపించు, ఆవిడకు చెట్లంటే ప్రాణం.

నోయ్‌ష్వాన్‌స్టైన్‌కి ఇంకో రోజు పెట్టుకో. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. కింద ఊరి నుంచి నడక అరగంట పైనే, అంతా ఎక్కుడు. గుర్రబ్బండి కూడా గుమ్మం దాకా పోదు. లోపల ఎక్కేవీ దిగేవీ కలిపి 300కు పైగా మెట్లు. వదిన మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, లిఫ్ట్ గురించి టికెట్ తీసుకునేటప్పుడే అడుగు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిది. సింహాసనం హాలులో సింహాసనం ఎక్కడని అన్నయ్య అడుగుతాడు. అది చేయించేలోపే, 1886లో, నలభై ఏళ్ళకే రాజు పోయాడు. 17 ఏళ్ళు కట్టించిన కోటలో ఆయన ఉన్నది 172 రోజులు. పరాయివాళ్ళ కంట పడకూడదనుకున్న ఆ ఇంటిని, పోయిన ఏడు వారాలకే టికెట్ పెట్టి జనానికి తెరిచారు. అక్కడ నిలబడితే నాకు గొంతు పట్టేసింది.

ప్రజల సొమ్ము తగలేశాడనేస్తాడు అన్నయ్య. ఖజానా డబ్బు కాదని చెప్పు. సొంత ఆదాయం, దానిపైన తీర్చలేనన్ని అప్పులు.

మూడోది హెరెన్‌కీమ్‌సే, సరస్సు మధ్య దీవిలో. ప్రీన్ స్టేషన్‌లో దిగి పడవెక్కాలి. ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజభవనం చూసి కట్టించిన అద్దాల హాలు బాగుంటుంది. కానీ డబ్బు అయిపోయి ఇటుకలు అలాగే వదిలేసిన మెట్ల గది దగ్గర ఇంకాసేపు ఆగండి. పులిహోర కట్టుకెళ్ళండి. రేవులో దిగగానే తిరుగు పడవ టైం ఫొటో తీసి పెట్టుకో.

మీ అత్త