బంగారం వయసు తేల్చబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మలూ,

ప్రాచీన నగల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తూకం, కొలతలు, ఫొటోలు నీకు చెప్పక్కర్లేదు. కార్బన్ పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న వాటి వయసే చెబుతుంది, బంగారానికి పనికిరాదు. లోపల లక్కో మైనమో మిగిలితే దానికి చేయించు. నా భయమంతా హీలియం పరీక్ష గురించే. బంగారంలో లేశమాత్రంగా ఉండే యురేనియం, థోరియం క్షీణిస్తూ హీలియం వాయువును పుట్టిస్తాయి. పోగైనదాన్ని కొలిచి వయసు లెక్కగడతారు. కరిగిస్తే అది పోయి, లెక్క మళ్ళీ మొదలవుతుంది. అంటే ఆ అంకె లోహం చివరిసారి ఎప్పుడు కరిగిందో చెబుతుంది, నగ ఎప్పుడు చేశారో కాదు. పాత రేకును కరిగించకుండా సాగగొట్టి కొత్త బొమ్మ చెక్కినవాడు ఆ పరీక్షకు దొరక్కపోవచ్చు. పైగా తునక కోసి కరిగించాలి, అది తిరిగి రాదు. నగిషీ ఉన్నచోట కత్తెర పెట్టావో, చెవి మెలేస్తాను!

లూవ్ర్ మ్యూజియం కథ వినే ఉంటావు, అయినా చెబుతాను. 1896లో వాళ్ళు సైతాఫెర్నెస్ రాజుదంటూ ఒక బంగారు కిరీటాన్ని 2,00,000 ఫ్రాంకులకు కొన్నారు. నల్లసముద్రం ఒడ్డున ఉండే ప్రాచీన గ్రీకు నగరం ఓల్బియా ఆ రాజుకు సమర్పించినట్టు దాని మీద గ్రీకు అక్షరాలు. ఆ రాజు పేరు ఓల్బియాలో దొరికిన అసలు శాసనంలోనూ ఉంది, అందుకే కిరీటమూ దొరకడం సహజమే అనిపించింది. ఫుర్ట్‌వాంగ్లర్ అనే జర్మన్ పండితుడు నకిలీ అని మొత్తుకున్నా చెవికెక్కలేదు. చివరికి 1903లో ఒడెస్సా కంసాలి రుఖొమోవ్‌స్కీ పారిస్ వచ్చి, చేసింది నేనే అన్నాడు. కొంత భాగం మళ్ళీ చేసి చూపిస్తే గానీ నమ్మలేదు. అతని మీద నాకు కోపం లేదు, అదేం చెయ్యి! ఎవరో పురావస్తు పండితుడికి కానుకంటూ చేయించారని చెప్పుకున్నాడు. కోపమంతా కొన్నవాళ్ళ మీదే. తాము కోరుకున్న జవాబు కళ్ళెదుట కనిపించగానే వెతకడం మానేశారు.

కాబట్టి ల్యాబ్ అంకె చూడకముందే భూతద్దం కింద తీగను తిప్పి చూడు. పాతకాలంలో సన్నటి రేకును మెలిపెట్టి చేసిన తీగ మీద అతుకు గీత మెలికలు తిరుగుతూ పోతుంది. తర్వాతి కాలంలో కమ్మచ్చులోంచి, అంటే చిల్లుల పలకలోంచి, లాగిన తీగ మీద గీతలు నిలువుగా, సమాంతరంగా ఉంటాయి. టంకంలో కాడ్మియం కనిపిస్తే అనుమానించు, అది ఆధునిక టంకాల్లో కలిపిన లోహం, కానీ వెంటనే తీర్పు చెప్పకు. ఈమధ్య ఎవరో చేసిన మరమ్మతు కావచ్చు.

బేరం కుదరకముందే చూస్తానని పట్టుబట్టు. డబ్బు చేతులు మారాక నిజం చెబితే వినేవాడుండడు.

మెడ వంచి గంటల తరబడి కూర్చోకు తల్లీ, మధ్యమధ్య లేస్తూ ఉండు. మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టేముందు పేర్లు తీసేసి నాకు పంపు. నీ మీద అపనమ్మకం కాదు, చదవాలని ఆశ.

నీ మామయ్య