టీ-55 హల్ సందుకు పుట్టీ పెట్టే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇదండీ: 1/35 స్కేలు టీ-55 ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ కిట్, పై హల్‌ను (హల్ అంటే ట్యాంకు మొండెం) కింది హల్ మీద పెట్టి చూస్తే ముందు వైపు మిల్లీమీటరుకు పైగా సందు వస్తోంది. ఇన్‌స్ట్రక్షన్ షీట్‌లో 7వ స్టెప్పులో చెప్పిన నంబరు ముక్క, చూపించిన చోట కూర్చోవడం లేదు. ఇంకా జిగురు పెట్టలేదు. పుట్టీతో నింపేసి ముందుకు వెళ్లొచ్చా?

ఇప్పుడే వద్దు. నా అనుభవంలో ట్యాంకు కిట్లలో సందు కనిపించే చోటు ఒకటి, తప్పున్న చోటు ఇంకొకటి. ముందు భాగం నోరు తెరిచిందంటే చాలాసార్లు వెనకో లోపలో ఏదో అడ్డుపడి పై హల్‌ను ఎత్తుతోందని అర్థం. ఆ అడ్డు తీయకుండా పుట్టీ పెడితే ఫెండర్లు (చక్రాల మీది రేకు కప్పులు) వంకరగా కూర్చుంటాయి, వాటి మీది ఇంధన ట్యాంకులు ఒరుగుతాయి, వాటి మధ్య పైపులు అందవు. ఒక్క సందు కాస్తా నాలుగు సందులవుతుంది.

అడ్డు ఎక్కడుందో కనిపెట్టడానికి తేలిక దారి ఉంది. కింది హల్ అంచుల మీదా, వెనక ప్లేటు పై అంచు మీదా లిప్‌స్టిక్ చాలా పల్చగా రాయండి. పై హల్ పెట్టి, వేళ్లతో సమంగా నొక్కి, జరపకుండా నిలువుగా తీయండి. రంగు ఎక్కడ అంటిందో అక్కడే తగులుతోంది. అంటాల్సిన అంచంతా అంటకుండా రెండు మూడు చుక్కలే అంటితే దొంగ దొరికినట్టే. సాధారణంగా అక్కడ ఉండేవి: స్ప్రూ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసినప్పుడు మిగిలిన చిన్న మొన, లోపలి వైపు ఉబ్బిన ఎజెక్టర్ పిన్ (అచ్చు నుంచి ముక్కను బయటికి నెట్టే కడ్డీ) గుర్తు, లేదా రంధ్రం కన్నా లావుగా పోసిన పిన్ను. మొనను, ఉబ్బును ఆకురాయితో చదును చేయండి. పిన్ను అయితే మొహమాటం లేకుండా కోసేయండి. పిన్నులు సాయానికే గానీ బలానికి కాదు, అంచులు సరిగ్గా కలిస్తే టేపుతో పట్టి అతికించినా అంతే గట్టిగా ఉంటుంది. పని అయ్యాక గిన్నెల సబ్బుతో కడిగేయండి, లిప్‌స్టిక్ మరక మిగిలితే సిమెంటూ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికే మోడల్ జిగురు) పట్టదు, రంగూ పట్టదు.

మీ కిట్‌లో కింది హల్ తొట్టిలా ఒకే ముక్కగా వచ్చిందా, అడుగు, రెండు పక్కలు, వెనక అని విడి పలకలుగా వచ్చిందా? విడి పలకలైతే నా అనుమానం ముందు అక్కడికే పోతుంది. పక్క పలక అర డిగ్రీ లోపలికి ఒరిగినా పై హల్ కూర్చోదు, పది చక్రాల్లో ఒకటో రెండో నేలకు ఆనవు. పలకలను టేపుతో నిలబెట్టి, పై హల్‌ను జిగురు లేకుండా మీద బిగించి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఆ తర్వాతే లోపలి మూలల్లో ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ (నీళ్లలా పల్చటి రకం) కుంచెతో ముట్టించండి. పై హల్లే అచ్చుగా పనిచేస్తుంది. రాత్రంతా కదపొద్దు. పొద్దున పై హల్ తీసి, రెండు మూలల నుంచీ ఐమూలగా కొలవండి. కొలతల్లో తేడా అర మిల్లీమీటరు దాటితే చట్రం నలుచదరంగా లేదు. అతుకు మీద మళ్లీ సిమెంట్ రాసి, మెత్తబడ్డాక సరిచేయండి.

ఒకే ముక్క తొట్టి అయితే మెలి తిరిగి ఉండొచ్చు. గాజు పలక మీద పెడితే తెలిసిపోతుంది: ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేస్తుంది. కిట్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడి ఆకారం వదిలేస్తుంది కాబట్టి మరిగే నీళ్లు వాడొద్దు. 60–70 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, మెలికకు ఎదురు దిక్కులో కొంచెం ఎక్కువే తిప్పి పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయండి. నీళ్ల వేడి మాత్రం పెంచొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా సందు మిగిలితే అది నిజంగా అచ్చు లోపమే. అప్పుడు కూడా పుట్టీ కన్నా ప్లాస్టిక్ ముక్క మేలు. 0.25 లేదా 0.5 మి.మీ. స్టైరీన్ షీట్‌ను సన్నటి పట్టీగా కోసి సందులో దూర్చి, సిమెంట్ పెట్టి, ఆరాక అంచుకు కోసేయండి. పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ప్లాస్టిక్ కుంచించుకోదు. షీట్ దొరక్కపోతే వాడిపారేసే డబ్బాల అడుగు చూడండి. త్రికోణంలో 6 అంకె ఉంటే అది పాలిస్టైరీన్, మన సిమెంట్‌కు కరిగి అతుక్కుంటుంది. 5 అంకె ఉన్నది పాలీప్రొపిలీన్, అది అతకదు. పాత ఏటీఎం కార్డులు పీవీసీ, వాటికి ఫెవిక్విక్ కావాలి.

వెంట్రుకవాసి సందులకు స్ప్రూ ముక్కల్ని చిన్నగా తరిగి, గాజు సీసాలో సిమెంట్ పోసి రాత్రంతా నానబెడితే వచ్చే ముద్ద బాగుంటుంది. ఎండాక అది కిట్ ప్లాస్టిక్కే. రుద్దడానికి కనీసం ఒక రోజు ఆగండి, పైన గట్టిపడ్డా లోపల పచ్చిగానే ఉంటుంది. ఫెవిక్విక్‌లో వంటసోడా చల్లే పద్ధతి లోతైన గుంటలకు పనికొస్తుంది, కానీ వెంటనే రుద్దాలి. ఆలస్యమైతే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది, ఉప్పుకాగితం పక్కనున్న ప్లాస్టిక్‌నే తినేసి గాడి పడుతుంది. సైన్‌బోర్డు షాపుల వాళ్లు యాక్రిలిక్ అతకడానికి వాడే క్లోరోఫాం తక్కువ ధరకు వస్తుందని కొందరు చెబుతారు. దాని జోలికి పోవద్దు. సన్నటి భాగాల్ని కరిగించేస్తుంది, ఆ ఆవిరి పీల్చడం ప్రమాదం.

అన్ని సందులూ మూయక్కర్లేదని కూడా గమనించండి. అసలు టీ-55 హల్ పలకలు వెల్డింగ్‌తో కలిపినవి. పలకలు కలిసే చోట సన్నటి గీత మిగిలితే, స్ప్రూను కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీసిన తీగ అందులో పెట్టి, సిమెంట్‌తో మెత్తబరిచి, బ్లేడు మొనతో వరసగా నొక్కితే వెల్డింగ్ గీత అవుతుంది. టరెట్ (గన్ ఉండే పై గుమ్మటం) సంగతి వేరు, అది పోత పోసింది. పై సగం, కింది సగం కలిసే గీతను సాఫుగా రుద్దేసి, లాకర్ (lacquer) రకం రంగుల థిన్నర్‌తో పల్చబరిచిన పుట్టీని గట్టి కుంచెతో పొడిస్తే పోత గరుకుదనం వస్తుంది.

చక్రాల దగ్గర చాలామంది తడబడే విషయం ఒకటుంది. టోర్షన్ బార్లు (చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) హల్ అడుగున అడ్డంగా, పక్కపక్కన ఉంటాయి. అందుకే ఎడమ చక్రాలకూ కుడి చక్రాలకూ ముందు వెనకలుగా కొద్ది తేడా ఉంటుంది. అది కిట్ తప్పు కాదు, సరిచేయబోతే చెడిపోతుంది. మొదటి రెండు చక్రాల మధ్య పెద్ద ఎడం కూడా అసలుదే. చక్రం మీద అనుమానం వస్తే అసలు కొలతను 35తో భాగించండి. రోడ్ వీల్ వ్యాసం 810 మి.మీ., అంటే మోడల్‌లో 23.1 రావాలి. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) వెడల్పు 580, అంటే 16.6. చక్రాలను పట్టే ఆర్మ్‌లు అతికించిన 20 నిమిషాల్లోపు, సిమెంట్ ఇంకా మెత్తగా ఉండగా, ఉక్కు స్కేలు ఆనించి అన్నీ ఒకే వరసకు తీసుకురండి. ముందున్న ఐడ్లర్‌ను (ట్రాక్‌ను తిప్పి పంపే చక్రం) మాత్రం ఆఖరి దాకా అతికించొద్దు. అసలు ట్యాంకులో ట్రాక్ బిగువు దానితోనే సరిచేస్తారు. షీట్ చెప్పిన లింకుల సంఖ్య ఒకటి అటో ఇటో అయితే మీరూ దాన్ని జరిపి సర్దుకోవచ్చు.

ఇక 7వ స్టెప్పు. ముక్క పట్టడం లేదంటే బలవంతం చేయొద్దు, స్ప్రూ చూడండి. తప్పులు ఎక్కువగా ఎడమ కుడి జంటల దగ్గర వస్తాయి, నంబర్లు తారుమారవుతాయి. బొమ్మలో ముక్కకు ఎన్ని పిన్నులు, ఏ వైపు వంపు అని చూసి, అదే ఆకారం స్ప్రూలో వెతకండి. నంబరు కన్నా బొమ్మ ఆకారాన్నే ఎక్కువ నమ్మొచ్చు. రెండోది, తర్వాతి రెండు స్టెప్పుల బొమ్మలు చూడండి, అదే భాగం వేరే కోణంలో కనబడి సందేహం తీరుస్తుంది. కంపెనీలు పాత స్ప్రూలకు కొత్తవి చేర్చి ఇంకో రకంగా అమ్ముతాయి, షీట్‌లో మాత్రం స్ప్రూల పాత అక్షరాలు మిగిలిపోతాయి. స్కేల్‌మేట్స్ సైటులో చాలా కిట్ల షీట్ల పీడీఎఫ్‌లు ఉంటాయి, అదే కంపెనీ ఇంకో టీ-55 షీట్ తీసి పక్కన పెట్టి పోల్చండి.

హల్ మూసే ముందు లోపలి వైపు తప్పక వెతకాల్సినవి సగం లోతు రంధ్రాలు. బయటి సామాను కోసం వాటిని లోపలి నుంచి 0.8 లేదా 1 మి.మీ. డ్రిల్లుతో పూర్తిగా తెరవాలి. షీట్‌లో ఇది చిన్న బాణం గుర్తుగా ఒక మూల ఉండి కంట పడదు. మూసేశాక గుర్తొస్తే ఆ సామాను పిన్నులు కోసి, ఫొటో చూసి కొలిచి అతికించడమే దారి. ఫెండర్ ట్యాంకులు పెట్టేటప్పుడు వాటి మధ్య పైపునే కొలబద్దగా వాడండి.

మన సైన్యం టీ-55 చేస్తున్నట్టయితే ఇంకో జాగ్రత్త. మన బండ్లు 100 మి.మీ. గన్‌తో వచ్చాయి, తర్వాత వాటికి 105 మి.మీ. గన్ అమర్చారు. మీ పెట్టెలోని గొట్టం ఏ కాలానికి సరిపోతుందో ఫొటోతో పోల్చుకున్నాకే రెండు సగాలు అతికించండి.

హైదరాబాద్ వాతావరణాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో ఎక్స్‌ట్రా థిన్ సందులోకి పాకే లోపే ఆవిరైపోతుంది. పొద్దున్నే, ఫ్యాన్ ఆపి, ఒక్కసారికి రెండు మూడు సెంటీమీటర్ల అతుకే చేయండి. వానాకాలం తేమలో లాకర్ రంగు తెల్లగా పాలిపోతుంది, ముసురు రోజు స్ప్రే వద్దు. 400 నుంచి 1000 నంబరు దాకా నీళ్లతో రుద్దే ఉప్పుకాగితం రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, సన్న ఆకురాళ్లు, చేతి డ్రిల్లు కంసాలి పనిముట్లు అమ్మే చోట అడగండి. లిప్‌స్టిక్ పరీక్ష చేశాక రంగు ఎక్కడ అంటిందో, 7వ స్టెప్పు ముక్క నంబరు ఏమిటో ఫొటోతో పెట్టండి, చూసి చెబుతాను.