పాస్‌ఫ్రేజ్ కరెక్టే అయినా లక్స్ కంటైనర్ ఎందుకు తెరుచుకోదు?

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు మీద చేసుకున్న లక్స్ కంటైనర్ ఫైల్‌ని (లినక్స్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి లక్స్‌తో తాళం వేసిన ఫైల్) పెన్‌డ్రైవ్‌లో కొత్త ల్యాప్‌టాప్‌కి తెచ్చుకున్నారు. పాస్‌ఫ్రేజ్ కొడితే ‘దీనికి సరిపడే కీ ఏదీ లేదు’ అని వస్తోంది. పాస్‌ఫ్రేజ్ గురించి మీకు అనుమానం లేదు. ఎవరో క్రిప్ట్‌సెటప్‌లో (లక్స్‌ని నడిపే టూల్) రిపేర్ కమాండ్ కొట్టమన్నారు, కొట్టాలా వద్దా? ఇదీ మీ ప్రశ్న.

ఇప్పుడే కొట్టకండి. ముందు ఆ ఫైల్‌కి ఇంకో కాపీ తీసి పక్కన పెట్టండి, ఏం చేసినా ఆ కాపీ మీదే చేయండి. కొత్త కంటైనర్ తయారుచేసే లక్స్‌ఫార్మాట్ కమాండ్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. అది ఫైల్ మొదట్లో తాళం వివరాలుండే హెడర్‌ని కొత్తగా రాసేస్తుంది, దాంతో పాత కీ పోతుంది. హెడర్ బ్యాకప్ లేకపోతే ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ ఎర్రర్ మెసేజ్ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే అసలు కీ వేరే ఉంటుంది, అది కీస్లాట్‌లో దాగి ఉంటుంది. మీ పాస్‌ఫ్రేజ్ పని ఆ స్లాట్‌ని విప్పడం వరకే. విప్పగా వచ్చిన కీ హెడర్‌లో ఉన్న డైజెస్ట్‌తో (అసలు కీకి వేలిముద్ర లాంటిది) సరిపోలకపోతే ఆ మెసేజ్ వస్తుంది. అంటే పాస్‌ఫ్రేజ్ తప్పైనా, కీస్లాట్ పాడైనా వచ్చేది అదే మెసేజ్. అసలు కీని 4000 ముక్కలుగా విస్తరించి స్లాట్‌లో రాస్తారు కాబట్టి అందులో ఒక్క బిట్ మారినా ఆ స్లాట్ పనికిరాదు. మెటాడేటాకి (స్లాట్ల వివరాలు రాసి ఉండే భాగం) ఉన్న చెక్‌సమ్ ఈ భాగానికి వర్తించదు. అందుకే హెడర్ వివరాలు చూపే లక్స్‌డంప్ కొడితే అన్నీ చక్కగా కనిపిస్తాయి, తలుపు మాత్రం తెరుచుకోదు. రిపేర్ కమాండ్ సరిచేసేది మెటాడేటానే, పోయిన కీస్లాట్‌ని తిరిగి తేలేదు.

పాత ల్యాప్‌టాప్ ఇంకా మీ దగ్గరే ఉంటే రెండు చోట్లా షా256సమ్ (ఫైల్‌ని బట్టి ఒక నంబర్ ఇచ్చే కమాండ్) కొట్టి చూడండి. నంబర్లు వేరుగా వస్తే కాపీయే సరిగ్గా జరగలేదన్నమాట, మళ్ళీ తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదని గుర్తుంచుకోండి. అయితే ఫైల్ చివర తెగిపోతే సాధారణంగా పాస్‌ఫ్రేజ్ దగ్గర ఆగదు. కంటైనర్ తెరుచుకుంటుంది, మౌంట్ చేసేటప్పుడు ఫైల్‌సిస్టమ్ సైజు డివైస్ కంటే ఎక్కువగా ఉందని గొడవ చేస్తుంది. మీది ముందే ఆగింది కాబట్టి నాకు కీబోర్డ్ మీదే అనుమానం.

నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం అక్కడే తేలాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అలవాటుగా యూకే ఇంగ్లీష్ ఎంచుకున్నారనుకోండి, యూఎస్ లేఅవుట్‌తో పోలిస్తే అట్ గుర్తూ డబుల్ కోట్ గుర్తూ చోట్లు మార్చుకుంటాయి. టైప్ చేస్తున్నప్పుడు స్క్రీన్ మీద ఏమీ కనపడదు కాబట్టి ఎంత కొట్టినా తెలియదు. పాస్‌ఫ్రేజ్‌ని ఓసారి మామూలు ఎడిటర్‌లో టైప్ చేసి చూసుకుని, సేవ్ చేయకుండా మూసేయండి.

తెలుగులో పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నవాళ్ళది ఇంకో కథ. మా ఫ్రెండ్ ఒకాయన ఇంటి పత్రాల స్కాన్లన్నీ ఇలాంటి కంటైనర్‌లో పెట్టి, పాస్‌ఫ్రేజ్‌గా తెలుగు వాక్యం పెట్టుకున్నాడు. పాత సిస్టమ్‌లో ఫోనెటిక్ కీబోర్డ్, కొత్తదాంట్లో ఇన్‌స్క్రిప్ట్. కంటికి రెండూ ఒకే వాక్యం. కానీ ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి ఉంటుంది. యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు. కొన్ని కీబోర్డులు పదం ఎంచుకోగానే దాన్ని పెట్టి ఇస్తాయి, ఇన్‌స్క్రిప్ట్‌లో మనమే పెట్టాలి. క్రిప్ట్‌సెటప్‌కి అక్షరాలతో పని లేదు, బైట్లు ఒక్కటి తేడా వచ్చినా కుదరదంటుంది. ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, రెండు కోడ్లుగానూ రాయొచ్చు. ఆయన పాస్‌ఫ్రేజ్‌ని ఆ నాన్ జాయినర్‌తో ఒకటి, లేకుండా ఒకటి రెండు ఫైళ్ళుగా ర్యామ్‌లోనే ఉండే షేర్డ్ మెమరీ ఫోల్డర్‌లో రాసి, పాస్‌ఫ్రేజ్‌ని ఫైల్ నుంచి చదివించే కీఫైల్ ఆప్షన్‌తో ఇచ్చాం. నాన్ జాయినర్ ఉన్నది పనిచేసింది. వెంటనే మామూలు ఇంగ్లీష్ అక్షరాలతో ఇంకో పాస్‌ఫ్రేజ్‌ని లక్స్‌యాడ్‌కీతో చేర్చాం. తెలుగు మీద ఎంత ప్రేమున్నా డిస్క్ పాస్‌ఫ్రేజ్‌లో వాడొద్దనే నా సలహా. బూట్ సమయంలో అడిగే ప్రాంప్ట్‌లో ఐబస్ (తెలుగు టైపింగ్‌కి వాడే ప్రోగ్రామ్) ఉండదు, తెలుగు కొట్టే దారే లేదు.

కీఫైల్ వాడితే ఒక జాగ్రత్త. ఎకో కమాండ్‌తో ఫైల్ రాస్తే చివర న్యూలైన్ పడుతుంది, కీఫైల్‌గా ఇచ్చినప్పుడు అది కూడా పాస్‌ఫ్రేజ్‌లో భాగమైపోతుంది. ప్రింట్ఎఫ్‌తో రాయండి. ఏది ప్రయత్నించినా టెస్ట్ పాస్‌ఫ్రేజ్ ఆప్షన్, వెర్బోస్ ఆప్షన్ రెండూ కలిపి వాడండి. కంటైనర్ తెరవకుండానే ఏ స్లాట్ విప్పుకుందో చెబుతుంది.

ర్యామ్ తక్కువున్న మెషీన్ అయితే మాత్రం సంగతి వేరు. లక్స్ కొత్త వెర్షన్ లక్స్2లో పాస్‌ఫ్రేజ్ నుంచి కీ తయారుచేయడానికి డిఫాల్ట్‌గా ఆర్గాన్2 వాడతారు, అది తెరిచేటప్పుడు 1 జీబీ దాకా మెమరీ అడగొచ్చు. పెద్ద మెషీన్ మీద చేసిన కంటైనర్‌ని 512 ఎంబీ రాస్ప్‌బెర్రీ పై మీద తెరవబోతే మెమరీ చాలదంటుంది, లేదా కిల్డ్ అని ఆగిపోతుంది. పెద్ద మెషీన్ మీదే లక్స్‌కన్వర్ట్‌కీతో ఆ మెమరీ తగ్గించుకుని తేవాలి. ఆర్చ్ లాంటి లినక్స్‌లలో కర్నెల్ అప్‌డేట్ చేసి రీబూట్ చేయకపోతే డివైస్ మ్యాపర్ మాడ్యూల్ (కంటైనర్ తెరవడానికి కావాల్సిన కర్నెల్ భాగం) లోడ్ కాక ఆగుతుంది, రీస్టార్ట్ చేస్తే చాలు. ఒకవేళ మీది లక్స్ కాకుండా పాత ట్రూక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో చేసిన ఫైల్ అయితే దాని వారసుడు వెరాక్రిప్ట్ 1.26 నుంచి దాన్ని తెరవదు, 1.25.9 వాడండి లేదా క్రిప్ట్‌సెటప్‌తోనే తెరవండి.

ఇవేవీ కాకపోతే ఫైల్‌లోని బైట్లని చూపే హెక్స్‌డంప్‌లో చూడాలి. ఫైల్ మొదట్లో లక్స్ అన్న నాలుగు ఇంగ్లీష్ పెద్దక్షరాలు ఉండాలి. లక్స్2 డిఫాల్ట్ సైజులో 16,384వ బైట్ దగ్గర అవే తిరగేసి ఉంటాయి, అది రెండో హెడర్. సున్నా స్లాట్ సాధారణంగా 32,768వ బైట్ దగ్గర మొదలవుతుంది. అక్కడ అర్థంలేని చెత్త కనపడితే అది మంచి లక్షణమే. వరసగా సున్నాలు గానీ చదవగలిగే అక్షరాలు గానీ కనపడితే స్లాట్ మీద ఏదో రాసేసినట్టే, అప్పుడు పాత హెడర్ బ్యాకప్ కోసం వెతకాలి.

రెండు చోట్ల షా256సమ్ ఒకటేనా, డిబగ్ ఆప్షన్‌తో తెరిస్తే ఏం వస్తోంది, రెండు సిస్టమ్‌లలో కీబోర్డ్ లేఅవుట్లు ఏంటి, ఈ మూడూ రాయండి. మిగతాది అక్కణ్ణుంచి చూద్దాం.